రాగి ఆకు గుట్టు

మంచి ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒకసారి మీ పెరట్లోకి వెళ్ళి చూడండి. టమాటా మొక్క తల వాల్చేసి ఉంటుంది. చిక్కుడు తీగ ఆకులు వడలిపోయి వేలాడుతుంటాయి. పుదీనా సంగతి చెప్పక్కర్లేదు. వాటి పక్కనే తోటకూర మాత్రం తనకేమీ పట్టనట్టు నిలబడి ఉంటుంది. నీళ్ళు అన్నిటికీ ఒకే చెంబుతో పోశారు, మట్టీ ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది?

ఈ తేడా తెలుసుకుంటే పెరటి మడి ఒక్కటే కాదు, ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల కథ కూడా సగం అర్థమవుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంటింటా సంగటి ముద్ద ఎందుకు నిలిచింది, అదే నేలలో టమాటా వేసిన రైతు ఇల్లాలు బోరు వైపు చూస్తూ ఎందుకు నిద్రపోలేదు అన్నది కూడా ఆకులోనే ఉంది.

ముందు ఆకు సంగతి చూద్దాం. చిన్నప్పుడు బళ్ళో 'కిరణజన్య సంయోగక్రియ' అని నోరు తిరగని మాట బట్టీ పట్టాం కదూ! మాట పెద్దదే గాని పని మన వంటింటి పనే. వేరు నుంచి నీళ్ళు వస్తాయి. గాలి నుంచి బొగ్గుపులుసు వాయువు వస్తుంది. పొయ్యి మంట బదులు ఎండ. ఈ మూడింటితో ఆకు చక్కెర వండుతుంది. ఆ వంటలో నీళ్ళలోంచి విడిపోయిన ప్రాణవాయువు బయటికి వస్తుంది. మనం పీల్చేది అదే.

దీన్ని మొట్టమొదట పట్టిచ్చింది కూడా వంటింటి ఆకే సుమండీ. 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ అనే ఆయన, కొవ్వొత్తి కాలి కాలి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మని మూసిపెట్టి ఉంచాడు. పది రోజుల తర్వాత చూస్తే ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది! అయితే ఈ పని ఎండ తగిలినప్పుడే జరుగుతుందనీ, అదీ ఆకుపచ్చని భాగాలే చేస్తాయనీ 1779లో ఇంగెన్‌హౌస్ అనే డాక్టరు తేల్చి చెప్పాడు.

ఇక ఆకు కట్టడం చూడండి. పైన మైనం లాంటి పూత ఉంటుంది. తామరాకు మీద, చేమాకు మీద నీటి బొట్టు జారిపోవడం మీరు చూసే ఉంటారు. చాలా ఆకులకి ఈ పూత కొంచెమో గొప్పో ఉంటుంది. నీళ్ళు ఆవిరైపోకుండా అది కాపలా. దాని కింద నిలువుగా పేర్చిన ఇటుకల్లా కణాలు, వాటిలో ఆకుపచ్చని రేణువులు. వంట జరిగేది ముఖ్యంగా అక్కడే. ఇంకా కిందికి వెళితే స్పాంజిలా వదులు వదులుగా ఉండే కణాలు, వాటి మధ్య గాలి తిరిగే ఖాళీలు. అడుగున, అంటే ఆకు వీపు వైపు, కంటికి కనబడని సన్నని రంధ్రాలు. గోరంత జాగాలో వేలకొద్దీ ఉంటాయి. ఒక్కొక్క రంధ్రానికీ రెండు పెదవుల్లాంటి కణాలు కాపలా. వాటిలో నీళ్ళు నిండితే నోరు తెరుచుకుంటుంది, నీళ్ళు తగ్గితే మూసుకుంటుంది. ఈనెలు మాత్రం రెండు పనులు చేస్తాయి: నీళ్ళు లోపలికి తెస్తాయి, వండిన చక్కెరని వేరుకీ, కాయకీ, గింజకీ మోసుకుపోతాయి.

అసలు చిక్కంతా ఆ నోటి దగ్గరే. గాలి కావాలంటే నోరు తెరవాలి. తెరిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉంటుందో తెలుసా? పది వేల పాళ్ళలో నాలుగు పాళ్ళ పైచిలుకు, అంతే. అంత కొంచెం సరుకు కోసం ఎంతో సేపు నోరు తెరుచుకు కూర్చోవాలి. అందుకే వరి, టమాటా, వేరుశనగ, చిక్కుడు లాంటివి ఆకూ కాడా గింజా అన్నీ కలిపి ఒక కిలో ఎండు పదార్థం తయారు చేసుకునేలోపు సుమారు 500 లీటర్ల నీళ్ళు ఆవిరిగా వదిలేస్తాయి. నేలనీ గాలినీ బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది గాని, కాస్త ఎక్కువే తప్ప తక్కువ అని ధైర్యంగా అనలేం. మనం పోసిన నీళ్ళలో మొక్క ఒంట్లో మిగిలేది చాలా కొంచెం. మిగతాదంతా ఆ నోళ్ళలోంచి గాలికే పోతుంది.

"అయితే ఎండ ఎక్కువైనప్పుడు నోరు మూసుకోవచ్చు కదా" అంటారా? మూసుకుంటుంది. కానీ అప్పుడు ఇంకో తంటా. ఆకు లోపల గాలిని పట్టుకుని చక్కెర వంటకి అందించే ప్రొటీన్ ఒకటి ఉంది, రుబిస్కో అని. లోకంలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే ప్రొటీన్లలో అది ఒకటి. ఇంత ముఖ్యమైనది కదా అని అది మహా తెలివైనదనుకోకండి. వేడి ఎక్కువై, నోరు మూసుకుని, లోపల బొగ్గుపులుసు వాయువు తగ్గిందనుకోండి, దాని బదులు ప్రాణవాయువుని పట్టేస్తుంది. బియ్యంలో రాయి ఏరకుండా వండేసినట్టు! ఆ పొరపాటు దిద్దుకోవడానికి మొక్క అప్పటికే వండుకున్న దాంట్లోంచి కొంత ఖర్చు పెట్టుకోవాలి. బాగా వేడి ప్రాంతాల్లో ఇలా పోయేది పావు వంతు దాకా ఉంటుంది.

ఇప్పుడు రాగి దగ్గరికి వద్దాం.

రాగి ఆకుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. ఈనెలు సన్నగా, చాలా దగ్గర దగ్గరగా, నేత చీరలో పడుగు దారాల్లా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఇంకో చిత్రం. ఒక్కొక్క ఈనె చుట్టూ పెద్ద పెద్ద కణాలు పూలదండలా చుట్టుకుని ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హేబర్‌లాండ్ట్ అనే శాస్త్రవేత్త దీన్ని చూసి, తన భాషలో 'దండ' అన్న మాటతోనే పేరు పెట్టాడు. ఆ దండ పని ఏమిటో మాత్రం 1960ల దాకా ఎవరికీ పూర్తిగా అంతుబట్టలేదు. చెరకు ఆకు మీద పరిశోధనలు చేస్తూ 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు దాన్ని విడమరిచి చెప్పారు.

వాళ్ళు చెప్పింది ఇదీ. ఇలాంటి ఆకుల్లో వంట రెండు గదుల్లో జరుగుతుంది. బయటి గదిలో వేరే పనిమంతురాలు ఉంటుంది. ఆవిడ ప్రాణవాయువు జోలికే పోదు, బొగ్గుపులుసు వాయువు ఎంత తక్కువున్నా ఇట్టే పట్టేస్తుంది. పట్టి, నాలుగు కర్బన అణువులున్న ఒక పులుపు పదార్థంగా మార్చి లోపలి గదికి, అంటే ఆ దండ కణాల్లోకి, చేరవేస్తుంది. అక్కడ అది విడిపోయి వాయువు చిక్కగా నిండుతుంది. ఆ గదిలో రుబిస్కోకి పొరపాటు చేసే అవకాశమే ఉండదు! అందుకే ఈ మొక్కలు నోరు చిన్నగా తెరిచినా సరిపోతుంది, నీళ్ళు దాదాపు సగంతోనే గడిచిపోతుంది. ఆ నాలుగు కర్బనాల లెక్కనే వీటిని 'సి4' మొక్కలంటారు. మిగతావి 'సి3'.

రాగి, జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, చెరకు, మన వినాయకచవితి గరిక, అన్నీ సి4 బంధువులే. ఆకుకూరల్లో తోటకూర ఆ కుటుంబమే. మధ్యాహ్నం అది తల ఎత్తుకుని నిలబడడం వెనక రహస్యం ఇదన్నమాట. భూమి మీద ఉన్న మొక్క జాతుల్లో ఇలాంటివి నూటికి మూడే గాని, నేల మీద మొక్కలన్నీ చేసే మొత్తం వంటలో అయిదో వంతుకి తక్కువ కాకుండా వీటి చేతి మీదుగానే జరుగుతుంది.

పడమటి మండలాల్లో పెద్ద నది లేదు. బాహుదా, పాలారు వానొస్తే పారేవే. చెరువు నిండితే వరి, లేకపోతే మెట్ట పంట. అలాంటి చోట పూర్వం వాళ్ళు సూక్ష్మదర్శిని చూడకుండానే రాగి ఆకుని నమ్ముకున్నారు. రాగి చేలో మధ్య మధ్య అనుములు, కంది, అలసంద సాళ్ళు వేసేవాళ్ళు. ఇంట్లో సంగటి, పులుసు, చెనిక్కాయల ఊరుబిండి. వాన ఒక నెల మొహం చాటేసినా ఏదో ఒకటి ఇంటికి చేరేది.

తర్వాత మార్పు వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వరన్నం బీదవాళ్ళకీ అందింది. పండగనాడే వరికూడు తిన్న ఇళ్ళలో అది చిన్న సంగతి కాదు, దాన్ని తప్పు పట్టే హక్కు మనకి లేదు. బోర్లు వచ్చాయి, బోర్లతో టమాటా వచ్చింది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. కింది ఊళ్ళకన్నా రాత్రిళ్ళు చల్లన. టమాటా సి3 మొక్క కదా, మైదానంలో వేసవికి పూత రాలిపోయే రోజుల్లో మదనపల్లె వైపు కాయ నిలుస్తుంది. అందుకే అక్కడి మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైంది. 2023 జులై చివర్లో అక్కడ కిలో దాదాపు 200 రూపాయలు పలికితే దేశమంతా గగ్గోలు పెట్టింది, మీకు గుర్తుండే ఉంటుంది. మన చారులో టమాటా ముక్కలు లెక్కపెట్టి వేసుకున్నాం! నెలన్నర తిరక్కుండానే ధర కుప్పకూలింది. ఆ రెంటికీ మధ్య బోరు ఎండిపోయిన ఇల్లు ఉంటే, వాళ్ళకి ఆ 200 చూసే భాగ్యమూ లేదు. టమాటా వెయ్యొద్దని నేననను. డబ్బు చేతికి వచ్చేది దానితోనే. కానీ ఉన్న కాసిన్ని నీళ్ళనీ నోరు పెద్దగా తెరిచే ఆకుకే పోసేసి, ఇంటి తిండికి ఒక చెక్క రాగి కూడా లేకుండా చేసుకోవడం ఏం లెక్కో, అది మాత్రం నాకు నచ్చదు.

1990లలో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతిలో బిందు సేద్యం చేసి చూపించారు. మంచిదే. మట్టి మీద వృథా అయ్యే నీళ్ళని అది ఆపుతుంది. ఆకు నోట్లోంచి పోయే నీళ్ళని మాత్రం ఏ పైపూ ఆపలేదు. అందుకే శాస్త్రవేత్తలు వరి ఆకులోనే రాగి ఆకు లాంటి రెండు గదుల వంట పెట్టడానికి ఏళ్ళ తరబడి పాటుపడుతున్నారు. ఆ వరి ఇంకా రైతు మడిలోకి రాలేదు.

రాగుల్లో కాల్షియం సంగతి మీకు తెలిసిందే. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైన. పాలిష్ పట్టిన బియ్యంలో పదికి అటూ ఇటూ. ఇది ఆకు గొప్పతనం కాదు, వేరు మట్టిలోంచి తెచ్చుకున్నది. ఆ గొప్ప ఈ గొప్ప కలిపేసి చెప్పడం 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంలో బాగా ఎక్కువైంది. బాలింతలకీ, నలభై దాటిన ఆడవాళ్ళకీ కాల్షియం కావాలి గనక సంగటి మంచిదే. దానికి అద్భుతాలు అంటగట్టనక్కర్లేదు.

రాగి కోసేశాక మిగిలే గడ్డి సంగతి కూడా చెప్పాలి. ఈనెలు దగ్గర దగ్గరగా ఉంటాయన్నాను కదా, అందుకే ఈ జాతి గడ్డి పీచు పీచుగా, గట్టిగా ఉంటుంది. మనకైతే నమలడానికి కూడా రాదు. ఆవుకి నాలుగు అరల పొట్ట, నెమరువేత ఉన్నది ఇలాంటి దానికోసమే. పుంగనూరు ఆవు పేరు వినే ఉంటారు. లోకంలోని పొట్టి ఆవు జాతుల్లో ఒకటి, మన నడుం దాకా కూడా రాదు. కొంచెం మేతతో, ఎండు గడ్డితో నెట్టుకొచ్చి చిక్కటి పాలిస్తుంది. ఒక దశలో ఈ జాతి అంతరించిపోతుందేమోనని భయపడ్డారు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో ఈ ఆవులకి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక పట్నాల్లో దీన్ని ముద్దుకి పెంచుకునే వాళ్ళు కూడా బయల్దేరారు. ముద్దు సరే, దానికి నీడా, తిరిగే జాగా కూడా కావాలని వాళ్ళకి ఎవరైనా చెబితే బాగుండును.

ఇంత చెప్పాక సి3 ఆకుల్ని చిన్నచూపు చూస్తున్నానని మీరనుకోవచ్చు. అలా ఏం లేదు. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు పొలాల్లో మల్బరీ తోటలు చాలా. మల్బరీ సి3 మొక్కే. ఆ ఆకులో ప్రొటీన్ దండిగా ఉంటుంది, అందులో పెద్ద వాటా ఇందాక మనం తిట్టుకున్న రుబిస్కోదే. పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ ముట్టదు. దాదాపు నాలుగు వారాలు తిని, అందులోనూ ఆఖరి వారంలోనే ఎక్కువ భాగం తిని, ఆ ప్రొటీనునే విడదీసి దారంగా వడుకుతుంది. అంటే మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద దిగిన పట్టుచీర మీ బీరువాలో ఉంటే, అది ఒకప్పుడు ఎండలో నిలబడి గాలిని పట్టుకున్న ఆకే! పురుగులు పెంచే ఇళ్ళలో పొద్దున్నే చల్లటి వేళ ఆకు కోసి, తడిగుడ్డ కప్పి ఉంచేది ఆడవాళ్ళే. వాడిన ఆకు వేస్తే పురుగు సరిగా తినదు, గూడు పల్చనవుతుంది. ఆకు నోరు ఎప్పుడు తెరుస్తుందో వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు.

సరే, ఇప్పుడు మీ పెరటి సంగతి. వేసవిలో నీళ్ళు కరువైన ఇంట్లో కొత్తిమీర, పాలకూర, మెంతికూర కోసం తాపత్రయపడకండి. అవి చల్లటి రోజుల ఆకులు. అంతగా కావాలంటే తూర్పు వైపు, మధ్యాహ్నం గోడ నీడ పడే చోట వేసుకోండి. తోటకూర తద్విరుద్ధం. దాని రెండు గదుల వంటకి ఎండ ఖర్చు ఎక్కువ. నీడలో వేస్తే సన్నగా, పీలగా సాగిపోయి పనికిరాదు. నడి ఎండలో చల్లండి. నీళ్ళు పొద్దున్నే పోయండి, ఎండ ముదిరేలోపు వేళ్ళకి అందుతాయి. వీధి పక్క మొక్కలకి దుమ్ము పడితే వారానికోసారి ఆకులు కడగండి, దుమ్ము పేరుకుంటే వెలుతురు లోపలికి దిగదు.

పిల్లలకి సెలవులైతే వాళ్ళ చేత ఒక పని చేయించండి, మీరు దగ్గరుండి. బాగా ఎండ తగిలిన చిక్కుడు ఆకు ఒకటి, తోటకూర ఆకు ఒకటి సాయంత్రం కోయండి. మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి తీయండి. పొయ్యి ఆర్పేసి, చిన్న గ్లాసులో స్పిరిట్ పోసి అందులో ఆకులు వేసి, ఆ గ్లాసుని వేడి నీళ్ళ గిన్నెలో పెట్టండి. మంట దగ్గర్లో ఉండకూడదు సుమా, స్పిరిట్ భగ్గుమంటుంది. ఆకుపచ్చ రంగు దిగిపోయి ఆకులు తెల్లబడతాయి. కడిగి, మందులపెట్టెలోని అయోడిన్ నాలుగు చుక్కలు నీళ్ళలో కలిపి పైన వేయండి. పిండిపదార్థం ఉన్నచోట నల్లగా, నీలంగా మారుతుంది. చిక్కుడు ఆకు ఆకంతా నల్లబడుతుంది. తోటకూర ఆకుని భూతద్దంతో చూస్తే ఈనెల వెంబడే వలలా నలుపు కనబడాలి. పిండి దాచుకునేది ఆ దండ గదుల్లోనే కదా!

చివరగా ఒక్క ఆకు మిగిలింది. పొలాల్లో, కుండీల్లో, కాలవ గట్లమీద తనంతట తనే మొలిచే గంగపాయల కూర. కొన్ని వైపుల పావిలి కూర అంటారు. దాని తెలివి అన్నిటినీ మించింది. మామూలు రోజుల్లో రాగిలా సి4 పద్ధతిలో వండుకుంటుంది. నీళ్ళు మరీ కరువైతే కలబంద, నాగజెముడు చేసే పని మొదలుపెడుతుంది: చల్లటి రాత్రిపూట నోరు తెరిచి, గాలిని పులుపుగా మార్చి ఆకులో దాచుకుని, పగలు నోరు మూసుకుని ఆ పులుపుని వాడుకుంటుంది. ఒకే మొక్కలో ఈ రెండూ ఉండడం బహు అరుదు. అందుకే నీళ్ళు లేక అల్లాడిన గంగపాయల కూర పొద్దున్నే కోస్తే పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు చాలావరకు దిగిపోతుంది. కందిపప్పులో వేసి, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో ఉడికించి మెత్తగా ఎనిపి తాలింపు పెడితే సంగటిలోకి దీన్ని మించింది లేదు. పొద్దున కోసిన కూరైతే చింతపండు సగానికి తగ్గించి, రుచి చూశాకే మిగతా సగం వేయండి.